ముందు చూస్తివా?

ఆయన్ని సమాధి చేసిన రోజున కూడా నాకు కొంచెం నవ్వొచ్చింది. తప్పే, ఒప్పుకుంటాను. పాస్టరుగారు ప్రార్థన ముగించి, దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పిడికెడు మట్టి వేయమన్నారు. బంధువుల వెనక పాత ఆఫీసువాళ్ళం నలుగురం నిలబడ్డాం. మొదటివాడు మట్టి చేతిలోకి తీసుకుని, వేసేముందు ఒక్క క్షణం ఆగి గోతిలోకి తొంగి చూశాడు. రెండోవాడూ చూశాడు. మూడో ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని మరీ వంగి చూసింది. నా వంతు వచ్చేసరికి పాస్టరుగారి ముఖంలో అనుమానం కనిపించింది. ఈ కంప్యూటర్ వాళ్ళు లోపల ఏదో పారేసుకున్నారని అనుకుని ఉంటారు. నేను కూడా తొంగి చూసే మట్టి వేశాను.

అది ఆయన మాకు అంటించిన అలవాటు. లోపల ఏముందో చూడకుండా దేన్లోనూ ఏమీ వేయకూడదు. నలుగురం బయటికి వచ్చాక ఒకరి ముఖం ఒకరం చూసుకుని, గేటు పక్కన నిలబడి నవ్వాం. తర్వాత అందరికీ ఏడుపొచ్చింది.

మా ఆఫీసు బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక బేకరీ మీద, మూడో అంతస్తులో ఉండేది. రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళయిన రోజులు. నేను తెనాలి నుంచి వచ్చి అక్కడ కొత్తగా చేరాను. మేమంతా ముప్ఫై లోపువాళ్ళం, ఆయనొక్కరే యాభై దాటినవారు. మీసం సగం నెరిసింది. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, ఒక చిన్న టార్చిలైటు ఉండేవి. పట్టపగలు, ట్యూబ్‌లైట్ల కింద కూర్చునే ఉద్యోగంలో టార్చి ఎందుకని అడిగితే, "లోపల చూసేదానికి" అనేవారు. దేని లోపల అనేది మాత్రం చెప్పేవారు కాదు.

లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకున్నాక, మేమంతా తోసుకుంటూ ఎక్కేస్తే, ఆయన నేల ఉందో లేదో చూసి కాలు పెట్టేవారు. కుర్చీ చూసుకుని కూర్చునేవారు. బస్సు ముందు కె.ఆర్.పురం అని అంత పెద్ద బోర్డున్నా, మెట్టు మీద ఒక కాలు పెట్టి కండక్టరును అడిగేవారు. "బోర్డు రాసినోడు వేరే, బండి తోలేటోడు వేరే కదప్పా" అనేది ఆయన వాదన. క్యాంటీన్‌లో అందరూ ముద్ద నోట్లో పెట్టకముందే ఉప్పు చల్లుకుంటుంటే, ఆయన మా అందరినీ జాలిగా చూసేవారు.

ఆయన మాట్లాడే తెలుగు మా కోస్తావాళ్ళకు మొదట్లో వింతగా ఉండేది. తాతల కాలం నుంచీ బెంగళూరే. అడుగడుగునా ఒక కన్నడ మాట దొర్లేది. మేం చేసిన పనిని చూడటానికి వచ్చినప్పుడు ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ముందు చూస్తివా?" రోజుకు పదిసార్లు వినేవాళ్ళం. వెనకాల ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళం. "ముందుచూస్తివా వస్తున్నాడు, ఫోను లోపల పెట్టు" అనేవాళ్ళం. ఆయనకు ఆ సంగతి తెలుసు. ఒకసారి తనే ఫోనులో మాలో ఎవరికో, "నేనప్పా, ముందుచూస్తివాని" అని చెప్పుకున్నారు.

తొంభైలలో ఆయన ఊరి బయట జిగణిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేశారు. అక్కడ ప్రతి సామాను పెట్టెకూ ఒక అట్ట వేలాడేదట. పెట్టెలో ఏం వేసినా, ఏం తీసినా ఆ అట్ట మీద రాయాలి. ఒక కొత్త మనిషి పెట్టె తెరిచి చూడకుండా అట్టను నమ్మి రాసినందుకు, ఒక పూటంతా ఫ్యాక్టరీ ఆగిపోయిందట. ఈ కథ మాకు కనీసం ముప్ఫైసార్లు చెప్పి ఉంటారు. ఒకసారి పెట్టెలో బోల్టులుండేవి, ఒకసారి బేరింగులు, ఇంకోసారి బెల్టులు. ఆగిపోయింది మాత్రం ఎప్పుడూ ఒక పూటే. ఆ స్టోర్సులోకి కంప్యూటర్ వచ్చినప్పుడు దాన్ని నేర్చుకునే ధైర్యం ఆయనొక్కరికే ఉందట. అట్లా ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతూ మా మధ్యకు వచ్చిపడ్డారు.

మేం అప్పట్లో చేస్తున్న పని, మూడు నాలుగు ఆసుపత్రులు నడిపే ఒక ధర్మసంస్థ కోసం. వాళ్ళ నర్సులందరి వివరాలు ఒకచోట ఉండాలి. ఎవరు ఏ వార్డు, ఎవరికి ఎవరు పని నేర్పారు, ఎవరికి ఏ భాషలు వచ్చు. మదనపల్లె నుంచి తెలుగు తప్ప ఏమీ రాని ముసలమ్మ వచ్చి మంచమెక్కితే, ఆమెతో మాట్లాడగలిగే నర్సు ఏ అంతస్తులో ఉందో నిమిషంలో తెలియాలి. దీనికి మామూలు పట్టికలు సరిపోవని, గ్రాఫు అనే పద్ధతిలో దాచేవాళ్ళం. పేరు చూసి భయపడనక్కర్లేదు. ప్రతి సంగతినీ మూడు ముక్కల్లో చెప్పడమే. రూతమ్మ, నేర్పింది, సునీతకు. సునీత, మాట్లాడుతుంది, కన్నడ. అలాంటి మూడు ముక్కల సంగతులు వేలకొద్దీ ఒక గుంపుగా ఉంటే అది ఒక గ్రాఫు. వెబ్‌సైటుకు ఉన్నట్టే ప్రతి గ్రాఫుకూ ఒక చిరునామా ఉంటుంది. మనం బ్రౌజరులో ఒక పేజీని రప్పించుకున్నట్టే, ఆ చిరునామాకు ఒక ఆజ్ఞ పంపితే పని జరుగుతుంది.

ఆజ్ఞలు నాలుగే. మొదటి వారంలో ఆయన నాకు అవి నేర్పింది క్యాంటీన్‌లో, తన భోజనం క్యారియరు ముందు పెట్టుకుని.

"ఇదో, మూత తీసి చూస్తిని. ఇది గెట్. ఏమీ మారలే. చారు చారుగానే ఉండాది" అన్నారు. తర్వాత పై గిన్నెలోంచి ఒక గరిటెడు చారు కింది గిన్నెలోకి వంపారు. "ఇది పోస్ట్. ఉండేదానికి ఇంకొంచెం కలిపితిమి."

"మరి పుట్?"

"పుట్ అంటే గిన్నె కడిగేసి కొత్తది పోసేది. పాత చారు యాడికి పోయె అని అడిగితే ఎవురూ చెప్పలేరు."

"డిలీట్?"

ఆయన క్యారియరు మూత పెట్టేశారు. "ఊట చేసేటప్పుడు ఆ మాట ఎందుకప్పా" అన్నారు. ఊట అంటే కన్నడంలో భోజనం.

నిజంగానే, ఆయన డిలీట్ పంపడం నేనెప్పుడూ చూడలేదు. ఒక నర్సు ఉద్యోగం మానేస్తే, ఆమెను తీసేసేవారు కాదు, మానేసిందని ఒక సంగతి కలిపేవారు. మేం అందమైన తెరలు తయారుచేసుకుని మౌసుతో నొక్కుతుంటే, ఆయన నల్లటి తెర మీద, ఒక్క వేలితో, ఆజ్ఞ మొత్తం ప్రతిసారీ మొదటి నుంచి టైపు చేసేవారు. అక్కడ కీబోర్డు మీద పైబాణం నొక్కితే కిందటిసారి ఇచ్చిన ఆజ్ఞ దానంతటదే తిరిగొస్తుంది. ఆ సంగతి చెబితే, "అది నిన్నటి బుద్ధి కదప్పా, ఈ పొద్దు పనికి ఎట్ల వస్తాది" అన్నారు. మేం చాటుకు వెళ్ళి నవ్వుకున్నాం.

సాయంత్రం ఐదున్నరకు ఆయనకు ఇంకో నిత్యకృత్యం ఉండేది. బస్సుకు వెళ్ళేముందు ప్రతి గ్రాఫునూ ఒకసారి గెట్ చేసి, వచ్చినదాన్ని ఆ రోజు తారీఖుతో ఒక ఫైలులో దాచుకునేవారు. మేం దాన్ని సాయంకాల ప్రార్థన అనేవాళ్ళం. "ప్రార్థనలో ఏమన్నా అడుక్కుంటాము. ఇది సుమ్నే, ఊరికే చూసేదే" అని ఆయన సర్దిచెప్పేవారు. పక్కన ఎవరైనా ఆమెన్ అంటే ఆయన కూడా అనేవారు.

ఆ పని ఆసుపత్రివాళ్ళకు అప్పగించాల్సిన ముందురోజు, మధ్యాహ్నం నాలుగు గంటలప్పుడు, నా పేరు మీద రాసి ఉన్న ఘనకార్యం జరిగింది. నాకు అప్పగించిన పని చాలా చిన్నది. ఎస్తేరు అని ఒక నర్సు కొత్తగా చేరింది, ఆమెకు తెలుగు వచ్చని ఒక్క సంగతి కలపాలి. రెండు రోజుల ముందు ఒక కొత్త గ్రాఫు పెట్టడానికి నేనూ నల్లటి తెర మీదే పుట్ వాడాను. ఇప్పుడు పైబాణం నొక్కాను. ఆ పాత ఆజ్ఞే వచ్చింది. చివర ఉన్న చిరునామా మార్చాను, ఫైలు పేరు మార్చాను, మొదట్లో ఉన్న పుట్ అనే మాట మార్చడం మరిచాను. ఎంటర్ కొట్టాను. పని దివ్యంగా జరిగిందని సర్వరు జవాబిచ్చింది. దాని తప్పేం లేదు, నేను చెప్పిందే అది చేసింది. ఉన్న నర్సులందరినీ కడిగేసి ఎస్తేరును పెట్టింది. ఆ క్షణం నుంచి ఆ ఆసుపత్రులన్నిటికీ కలిపి ఒకే ఒక నర్సు, ఆమెకు ఒకే ఒక భాష.

నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఉద్యోగం ఖాయం చేసే ఉత్తరం ఆ వారమో పైవారమో రావాలి. అంతకు నెల ముందే, నాతోపాటు చేరిన ఒకతన్ని ఇంతకంటే చిన్న తప్పుకు మేనేజరు ఇంటికి పంపించేశాడు. తెర మీద కిటికీ మూసేద్దామా, తలనొప్పని సెలవు పెట్టి వెళ్ళిపోదామా అని ఆలోచిస్తుండగా, చేతిలో టీ గ్లాసుతో ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు.

తెర చూశారు. టీ ఒక గుక్క తాగారు.

"ముందు చూస్తివా?"

"చూశాను సార్" అన్నాను.

"ఏముండె?"

"అన్నీ ఉన్నాయి సార్. అందరూ ఉన్నారు. నేను కలిపాక ఎందుకో ఇలా అయింది."

ఆయన గ్లాసు నా బల్ల మీద పెట్టారు. తన సీటుకు వెళ్ళి ఏదో తెరిచి చదివారు, మూసేశారు. అదేమిటో నాకు అప్పుడు తెలియదు. వారం తర్వాత తెలిసింది. తన దగ్గరికి వచ్చిన ప్రతి ఆజ్ఞనూ సర్వరు వరసగా రాసిపెట్టుకుంటుంది, ఏ కంప్యూటర్ నుంచి, ఎన్ని గంటలకు, ఏ ఆజ్ఞ అని. దాన్ని చదివే ఓపిక మా ఆఫీసులో ఆయనొక్కరికే ఉండేది. అందులో ఆ మధ్యాహ్నం నా కంప్యూటర్ నుంచి వెళ్ళింది ఒకే ఒక వరస. పుట్. దాని ముందు గెట్ లేదు. నేను చూడలేదని, పైగా చూశానని అబద్ధమాడానని, ఆయనకు రెండు నిమిషాల్లో తెలిసిపోయింది.

తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. ముందు ఎస్తేరు ఒక్కతే ఉన్న ఆ గ్రాఫును కూడా గెట్ చేసి ఒక ఫైలులో దాచారు. అంత కంగారులో కూడా నాకు చిరాకు వేసింది. నాశనమైన దాన్ని దాచుకోవడం ఏమిటి? "ఇదీ ఉండనీ" అన్నారు ఆయన. తర్వాత నిన్నటి సాయంకాల ప్రార్థన ఫైలు తెచ్చి దాని చోట పెట్టారు. ప్రాణం లేచొచ్చింది. ఆసుపత్రుల నర్సులందరూ తిరిగొచ్చారు. పోయింది ఈ రోజు పొద్దుటి నుంచి ఎక్కించినవి మాత్రమే.

అవి ఎవరు ఎక్కించారో గుర్తొచ్చి ఆయన ముఖం మొదటిసారి పాలిపోయింది. ఆ ఆసుపత్రుల్లో ఒకదాంట్లో హెడ్ నర్సు ఆయన భార్య. తన వార్డుల్లోని నర్సుల వివరాలు ఆమె పొద్దుటి డ్యూటీలో, టీ తాగే సమయాలు మానుకుని, తనే కూర్చుని ఎక్కించింది.

"వేరే ఎవురిదైనా పోయింటే బాగుండె" అన్నారాయన. ఆ తర్వాత సంచి తీసుకుని లేచారు. "రా. పోయి చెప్పల్ల. ఇట్లాంటివి ఫోనులో చెప్పకూడదు."

మేనేజరు గదిలోకి ఒక్క నిమిషం వెళ్ళొచ్చారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకు వినిపించింది. "పొద్దున ఎక్కించినవి స్వల్ప పోయినాయి సార్. నా చెయ్యి జారె. రేపటికి సరిచేస్తాను" అంటున్నారు. నేను లోపలికి వెళ్ళి కాదు నేనే అనడానికి ఆ గుమ్మానికీ నాకూ మధ్య పది అడుగులే ఉన్నాయి. ఆ పది అడుగులూ నేను వేయలేదు.

వాళ్ళ ఇల్లు కె.ఆర్.పురం స్టేషన్ వెనక సందులో. ఆసుపత్రిలో అందరూ ఆమెను సిస్టర్ అనేవాళ్ళు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. ఆమెకు కోపం వస్తుందని తోచినప్పుడు ఆయన కూడా సిస్టర్ అనేవారు. నంద్యాల మనిషి, మాటలో మొహమాటం లేదు. నన్ను చూడగానే ఎందుకొచ్చావని అడగకుండా ప్లేటులో బొరుగుల ఉగ్గాని పెట్టి చేతికిచ్చింది. ఆకలి మీదున్నానేమో, పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అప్పుడే ఆయన గోడ వైపు చూస్తూ చెప్పేశారు.

"పొద్దున నువ్వు ఎక్కించిందంతా పోయె, సిస్టర్."

"ఎవురు చేసింది?"

"నా చెయ్యే జారె."

ఆమె ఆయన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. నా నోటినిండా ఉగ్గాని. నమలడానికి పట్టినంతసేపు పట్టించాను. మింగాక కూడా ఏమీ అనలేదు.

"రెండుసార్లు టీ తాగకుండా చేస్తిని" అంది ఆమె. "సరే. నువ్వు రాసుకో అప్పా. ఆయన రాస్తే మళ్ళా తుడిచేస్తాడు. నువ్వు ఆ బీన్సు తరుగు" అని చివరి మాట ఆయనతో అంది.

ఆయన బుద్ధిగా బీన్సు తరిగారు. ఆమె కాగితం చూడకుండా చెబుతుంటే నేను రాసుకున్నాను. "సునీత, బళ్ళారి పిల్ల. కన్నడ, తెలుగు రెండూ వస్తాయి. తమిళం వస్తాదని చెప్తాది గానీ రాదు, రాయొద్దు. మేరీకి పని నేర్పింది నేనే, రాయి. జయకు నేర్పింది గూడా నేనే గానీ అది ఒప్పుకోదు, అయినా రాయి." పొద్దున ఎక్కించినవాటికంటే రెండోసారి చెప్పినవి ఎక్కువయ్యాయి. ఆ మాటే ఆయన అన్నారు, "చూస్తివా, పోయినదాని కంటే వచ్చింది ఎక్కువుండాది" అని. ఆమె చూసిన చూపుకు మళ్ళీ బీన్సులోకి దిగారు.

మర్నాడు అప్పగింత బాగానే జరిగింది. పై సోమవారం నా ఉత్తరం వచ్చింది. అదే రోజు మేనేజరు, జాగ్రత్త కోసమని చెప్పి, ఆయనకు నెలరోజులపాటు గెట్ తప్ప ఇంకే ఆజ్ఞా పంపకుండా కట్టడి చేశాడు. ఆయన చేయాల్సిన మార్పులన్నీ నా చేతికొచ్చాయి. మా ఆఫీసులో ఏనాడూ చెయ్యి జారని ఒకే ఒక మనిషిని చూడటానికి మాత్రమే పనికొస్తారని పక్కన పెట్టి, జారిన చేతికి తాళాలిచ్చారు. ఆయన్ని ఎదుర్కోవడానికి సిగ్గుపడుతూ వెళ్తే, "నాకు కావాల్సింది అదొక్కటే కదప్పా, మిగిలిన మూడూ మీరే పెట్టుకోండి" అని నవ్వారు. ఆ నెలలో ఆయన నన్ను ఏమీ అడగలేదు, ముందు చూస్తివా అని కూడా. ఆ నెల నాకు చాలా పొడుగ్గా గడిచింది.

చెప్పేయాలని అనుకోని రోజు లేదు. ఉత్తరం వచ్చాక చెబుదామనుకున్నాను, వచ్చింది. ఆయన కట్టడి తీరాక అనుకున్నాను, తీరింది. ఆలస్యమైనకొద్దీ, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదనేదానికి కూడా జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. పిరికితనం అంటే మరేం లేదు, ఇదే.

ఆ తర్వాత మూడు నాలుగేళ్ళు, చర్చి అయ్యాక ఆదివారం భోజనానికి నెలకొకసారైనా వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. పిలిచేది సిస్టరే. వెళ్ళిన ప్రతిసారీ ఆమె ఆ పాత సంగతి ఎత్తేది. ఉప్పు గిన్నె అందిస్తూ, "మీ సారు చేతికి ఇవ్వొద్దప్పా, ఉండేదంతా తుడిచేస్తాడు" అనేది. చుట్టాలెవరైనా ఉంటే మొదటి నుంచి మొత్తం చెప్పేది. "అంత పెద్ద మనిషి, నర్సులందరినీ ఒక్క దెబ్బకు లేకుండా చేసినాడు. చేసినాడా లేదా, నువ్వే చెప్పప్పా" అని నా వైపు తిరిగేది. నేను తల వంచుకుని తినేవాణ్ణి. ఆయన నన్నొకసారి చూసి, పెరుగు కలుపుకుంటూ, "జారె, ఏం చేద్దాం" అనేవారు. ఈమెకు ఇంత పట్టుదల ఏమిటి, ముసలాయన్ని ఇంకెన్నాళ్ళు ఆడిపోసుకుంటుందని నాకు ఆమె మీద కోపం కూడా వచ్చేది. ఎవరి మీద రావాలో తెలియక ఆమె మీద వచ్చేది.

తర్వాత నేను వేరే ఉద్యోగానికి, ఊరికి ఆ చివరికి మారిపోయాను. వెళ్ళడం తగ్గింది. పండక్కి ఫోను, మధ్యలో ఒక మెసేజీ. ఆయన జవాబు ఎప్పుడూ ఒక్క మాటే, "చూస్తిని". ఒక మెసేజీకి ఆ మాట రాలేదు. రెండు రోజుల తర్వాత సిస్టర్ ఫోను చేసి, నిద్రలోనే పోయారని చెప్పింది.

సమాధి అయిన నెలకు ఆమె మళ్ళీ ఫోను చేసింది. ఇంట్లో ఆయన కంప్యూటర్ ఉంది, దాన్ని చర్చిలో కుట్టు నేర్పేవాళ్ళకు ఇద్దామనుకుంటోంది. "లోపల ఏముండాదో నాకు తెల్దు. నువ్వొచ్చి తీసేసేది తీసేసి పో" అంది.

కంప్యూటర్ మీద లేసు గుడ్డ కప్పి ఉంది. పక్కన టార్చిలైటు. తెరిస్తే నల్లటి తెర వచ్చింది. అలవాటుగా పైబాణం నొక్కాను. ఆయన ఆఖరుగా ఇచ్చిన ఆజ్ఞ తెర మీదికొచ్చింది. గెట్. ఇంకేముంటుంది.

దాన్నే పంపాను. ఆయన ఇంట్లో కూడా ఒక చిన్న గ్రాఫుల కొట్టు నడుపుకున్నారని అప్పుడు తెలిసింది. మొదటి గ్రాఫు పేరు ఇల్లు. సిస్టర్, ఇష్టం, అలసంద వడ. సిస్టర్, మోకాలు నొప్పి, ఎడమది. సిస్టర్, కోపం పోయేది, కాఫీకి. ఆమె నా వెనక నిలబడి చదివించుకుంటోంది. కాఫీ దగ్గర చిన్నగా నవ్వింది. ఇంకొంచెం కిందికి పోతే నా పేరు కనిపించింది. నేను, తినేది లేదు, కాకరకాయ. అన్ని ఆదివారాల్లో ఒక్కనాడూ ఆ ఇంట్లో నాకు కాకరకాయ ఎందుకు తగల్లేదో ఇన్నేళ్ళకు తెలిసింది. నేనెప్పుడూ వద్దని అనలేదు. ఆయనే చూసి ఉంటారు.

ఆఖరి గ్రాఫు తెరిస్తే ఒకే ఒక్క వరస వచ్చింది. ఎస్తేరు, మాట్లాడుతుంది, తెలుగు.

"ఇదేమప్పా, ఇంతేనా?" అంది సిస్టర్. "ఈ ఎస్తేరు మా ఎస్తేరేనా?"

నేను కుర్చీ తిప్పాను. "సిస్టర్, ఆ రోజు తుడిచింది సారు కాదు. నేను. ముందు చూడలేదు, చూశానని అబద్ధం చెప్పాను. అది నా మీదికి రాకుండా ఆయన తన మీద వేసుకున్నారు."

ఆమె లేసు గుడ్డ మడత పెడుతోంది. మడత ఆపలేదు.

"తెలుసప్పా."

"సార్ చెప్పారా?"

"ఆయన యాడ చెప్తాడు. మంచినీళ్ళ బిందె గూడా మూత తీసి చూసి ముంచుకునే మనిషి. ఆయన చూడకుండా తుడిచినాడంటే నేను నమ్మల్లనా? ముప్పై ఏండ్లు కాపురం చేసినాను."

"తెలిసి మరి అన్నేళ్ళు ఆయన్నే అంటూ వచ్చారు కదా, నా ఎదురుగానే."

"ఆయన్ని యాడంటిని? నిన్ను కదా అడిగింది. ఆదివారం ఆదివారం అడిగితిని. నువ్వు తల ఎత్తితే కదా." ఆమె గుడ్డ ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. "నేరుగా అడిగేస్తానంటే వద్దనె. వాని నోరు వాడే తెరవల్ల, మనము తెరిస్తే అది వానిది కాదు అనె. నువ్వు బస్సెక్కిపోయినంక, నేను గిన్నెలు తోముతా ఉంటే వచ్చి అడిగేవాడు. తాను లోపలుండేటప్పుడు ఏమన్నా చెప్పినాడా అని. లేదంటే, సరే, వచ్చే వారం చూద్దాం అనేవాడు."

ఆయన వచ్చే వారం వచ్చే వారం అనుకుంటూ గడిపిన ఆదివారాలు ఎన్నని లెక్కపెట్టే ధైర్యం నాకు లేకపోయింది. కళ్ళు తుడుచుకుంటుంటే ఆమె వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసుల కాఫీ తెచ్చింది. ఒకటి నాకిచ్చింది.

"కుట్టు క్లాసుకు ఇంకోటి చూద్దాంలే" అంది. "ఇది ఈడే ఉండనీ. ఆయన రాసుకున్నది తప్పు లేకుండా ఉండల్ల. నువ్వు చెప్పింది రాసి పో."

ఎస్తేరు గ్రాఫు చిరునామా టైపు చేయడం మొదలుపెట్టాను. పైబాణం నొక్కలేదు. ఒక్క వేలితో, ఆయనలాగే, ఆజ్ఞ మొత్తం మొదటి నుంచి కొట్టాను. పుట్ కాదు, పోస్ట్. ఎస్తేరు అలాగే ఉంటుంది, ఆమె పక్కన ఇంకో వరస చేరుతుంది. మూడు ముక్కలు. ఆ రోజు, తుడిచింది, ఆ తర్వాత నా పేరు.

ఎంటర్ మీద వేలు పెట్టాను. వెనక నుంచి సిస్టర్ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ముందు చూస్తివా?"

"చూశాను" అన్నాను. ఈసారి చూసే అన్నాను.